ఉతికినా ఊడని బొమ్మకు ఎంత వేడి కావాలి?

నెల్లూరు: సంక్రాంతికి తీర గ్రామాల్లో క్రికెట్ పందేలు పెట్టుకోవడం ఇప్పుడు ముగ్గులు, గొబ్బెమ్మలంత మామూలైపోయింది. ఊరికో జట్టు, జట్టుకో రంగు చొక్కా, చొక్కా వీపున పేరూ నంబరూ. ఒకప్పుడు ఇలాంటి చొక్కాలు కావాలంటే నెల్లూరు పోవాలి, స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ళను బతిమాలాలి. యాభై చొక్కాలకు తక్కువైతే వాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు ఒక్క చొక్కా అయినా సరే, మండల కేంద్రంలోని జిరాక్సు కొట్టులోనే అరగంటలో అచ్చువేసి చేతిలో పెడుతున్నారు. అయితే ఆ అచ్చు ఎన్నాళ్ళుంటుందన్నది వేరే సంగతి. పండగనాడు వీపున మెరిసిన పేరు కనుమనాటికి పెచ్చులూడిన సందర్భాలు తీరం పొడవునా వినిపిస్తాయి.

కోవూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డుమీద అలాంటి కొట్టు ఒకటి ఉంది. జిరాక్సు తీయడం, ఆధార్ కాగితాలకు అట్టలు వేయడం, ఫోన్లకు డబ్బులు వేయడం అక్కడి పని. డిగ్రీ మధ్యలో ఆపేసిన యువకుడు దాన్ని నడుపుతున్నాడు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద వచ్చే 50 వేల రూపాయల అప్పు తీసుకుని, దానికి ఇంట్లో ఉన్నది కలిపి, కలర్ లేజర్ ప్రింటరూ, బట్టమీద వేడితో అదిమే ప్రెస్సూ కొన్నాడు. మొదటి బేరం పదిహేను చొక్కాలు. ముదురు నీలం రంగువి. జట్టు పేరు ఎర్రగా, నంబరు తెల్లగా ఉండాలన్నారు.

కంప్యూటరు తెరమీద బొమ్మ ముచ్చటగా ఉంది. కాగితంమీదా బాగానే వచ్చింది. చొక్కామీదికి వచ్చేసరికి ఎరుపు నల్లబడింది, తెలుపు అసలే లేదు. నంబరు ఉండాల్సిన చోట నీలం బట్టమీద జిగటగా మెరిసే పొర మాత్రం కనిపించింది. రెండో ఉతుకుకు ఆ పొర కూడా లేచి గోటికి వచ్చింది. పిలకాయలు పదిహేను చొక్కాలూ సంచిలో వేసుకొచ్చి కొట్టు బల్లమీద కుమ్మరించారు.

"డబ్బులంతా తిరిగిచ్చేసినా. చొక్కాలు మాత్రం నాకే మిగిలినాయి. మా నాయన చేనికి అవే ఏసుకుపోతుండాడు" అని ఆ యువకుడు ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాడు. అప్పటికి మాత్రం బ్యాంకు వాయిదా ఒక్కటి కూడా కట్టలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలంటే ముందు ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

అది సిరా కాదు, పొడి

లేజర్ ప్రింటరులో పోసేది సిరా అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మెత్తని ప్లాస్టిక్ పొడి. దాన్నే టోనరు అంటారు. చిన్నప్పుడు దువ్వెనతో పొడి జుట్టు దువ్వి, ఆ దువ్వెనను కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకునేవి కదా, సరిగ్గా ఆ పద్ధతే ఈ యంత్రానికి ఆధారం. లోపల ఒక గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. దానికి స్థిర విద్యుత్తు ఎక్కించి, లేజర్ కాంతితో బొమ్మ గీస్తారు. కాంతి పడ్డ చోట విద్యుత్తు స్థితి మారి, పొడి అక్కడే అంటుకుంటుంది. డ్రమ్మునుంచి కాగితం మీదికి దిగిన పొడిని చివర్లో బాగా కాగిన రోలర్ల మధ్య నలిపి కరిగిస్తారు. ప్రింటరులోంచి వచ్చిన కాగితం వేడిగా ఉండటానికి కారణం ఇదే. రంగుల యంత్రంలో ఆకాశ నీలం, గులాబీ, పసుపు, నలుపు అని నాలుగు పొడులుంటాయి. మిగిలిన రంగులన్నీ వాటి కలయికలే.

దీని పుట్టుక కథ కూడా వినదగ్గదే. 1938 అక్టోబరు 22న అమెరికాలోని న్యూయార్కు నగరంలో, ఆస్టోరియా అనే పేటలో, చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన తన సహాయకుడితో కలిసి గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో గట్టిగా రుద్దాడు. దానికి విద్యుత్తు ఎక్కింది. అక్షరాలు రాసిన గాజుపలక అడ్డం పెట్టి వెలుగు చూపించి, మెత్తని పొడి చల్లాడు. అక్షరాల రూపంలో పొడి నిలిచింది. దానిమీద మైనం కాగితం అదిమి, వేడి చూపిస్తే అక్షరాలు కాగితానికి దిగాయి. ఆనాటి తేదీ, పేట పేరే ఆ అక్షరాలు. ఇవాళ ఊరూరా తీసే జిరాక్సుకు అది తొలి ప్రతి. దాన్ని ఒకచోటినుంచి ఇంకోచోటికి ఎక్కించింది కూడా వేడే. పూర్తి రంగుల్లో పనిచేసే లేజర్ కాపీ యంత్రాన్ని జపానుకు చెందిన కానన్ కంపెనీ 1987లో మార్కెట్టులోకి తెచ్చింది. అప్పట్లో అది పెద్ద సంస్థలకు తప్ప అందని వస్తువు. ఇవాళ చిన్న సైజు కలర్ లేజర్ ప్రింటరు పాతిక, ముప్ఫై వేల రూపాయల నుంచి దొరుకుతోంది.

కాగితంమీద ఒకసారి కరిగి గట్టిపడ్డ ప్లాస్టిక్‌ను మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ కరుగుతుంది. బట్టమీద అచ్చుకు మూలం అంతే. మామూలు తెల్ల కాగితమైతే ఆ పొడిని వదలదు. అందుకని ట్రాన్స్‌ఫర్ కాగితానికి ఒకవైపు వేడికి జారిపోయే పూత పూసి ఉంచుతారు. దానిమీద అచ్చువేసి, బట్టమీద బోర్లించి, ప్రెస్సులో అదిమితే బొమ్మ పూతతో సహా నూలు పోగుల్లోకి దిగుతుంది. కాగితం లాగేస్తే చేతికి ఖాళీ కాగితం వస్తుంది. పాలిటెక్నిక్ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు లేజర్ అచ్చును ఇస్త్రీపెట్టెతో రాగి రేకుమీదికి ఎక్కించి సర్క్యూట్ బోర్డులు చేసుకోవడం కూడా ఈ కిటుకుతోనే.

తెలుపు లేని పెట్టె

పదిహేను చొక్కాలు పాడవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. నాలుగు పొడుల్లో తెలుపు లేదు. కాగితంమీద తెల్లగా కనిపించేది కాగితం తెలుపే. ఆ అచ్చును నీలం బట్టమీద వేస్తే తెల్ల నంబరు నీలంగానే ఉంటుంది మరి. పైగా ఈ రంగులు పల్చని గాజు కాగితం లాంటివి. వెనకనున్న రంగు వాటిలోంచి కనబడుతుంది. నీలం మీద ఎరుపు వేస్తే నల్లబడక ఏమవుతుంది?

లేత రంగు బట్టలకు ఒక రకం కాగితం, ముదురు రంగు బట్టలకు ఇంకో రకం కాగితం ఉంటాయి. ముదురు బట్టల కాగితాలు సాధారణంగా జంటగా వస్తాయి. మొదటి కాగితంమీద అచ్చు వేస్తారు. దాన్ని రెండో కాగితంతో కలిపి ప్రెస్సులో అదిమితే, రెండోదానిమీద ఉన్న తెల్లని జిగురు పూత టోనరు ఉన్నచోట మాత్రమే పట్టుకుంటుంది. తర్వాత దాన్ని చొక్కామీద అదుముతారు. అప్పుడు ఎరుపు వెనక తెలుపు ఉంటుంది కనుక ఎరుపు ఎర్రగానే కనబడుతుంది. ఇందులోనూ మెలిక ఉంది. టోనరు లేనిచోట జిగురూ అంటదు కాబట్టి, అచ్చ తెలుపు కావలసిన చోట ఏదైనా బాగా లేత రంగు వేయాల్సి వస్తుంది. తెల్ల టోనరుతోనే పనిచేసే ప్రింటర్లు కూడా ఉన్నాయి గాని, వాటి ధర లక్షల్లో ఉంటుంది. పల్లెటూరి కొట్టువాడికి అది దూరపు మాట.

లేత బట్టల కాగితంతో మరో చిక్కు. అచ్చున్నా లేకున్నా కాగితం మీది పూతంతా బట్టకు దిగుతుంది. బొమ్మ చుట్టూ పలకలా మెరుస్తూ కనిపించే పొర అదే. ఓపికగా బొమ్మ అంచు వెంబడి కత్తిరించుకుంటే ఆ పొర ఉండదు. ఓపిక లేని కొట్టుకు పోయిన చొక్కా చూడగానే తెలిసిపోతుంది.

కాగితం తారుమారైతే ప్రింటరే పోతుంది

తొలి దెబ్బ తిన్న ఆ యువకుడికి రెండో దెబ్బ నెల తిరక్కముందే తగిలింది. చవగ్గా వస్తున్నాయని వంద కాగితాల కట్ట తెప్పించాడు. అట్టమీద ట్రాన్స్‌ఫర్ కాగితం అని ఉంది. అది ఇంకుజెట్ ప్రింటరు కోసం తయారైనదని అమ్మినవాళ్ళు చెప్పలేదు, ఇతను అడగలేదు. ఇంకుజెట్ అంటే నీటి సిరా చిమ్మే యంత్రం. అందులో వేడి రోలర్లుండవు కనుక దాని కాగితం పూత తక్కువ వేడికే కరిగిపోతుంది. దాన్ని లేజర్ ప్రింటరులో పెడితే, పూత కరిగి రోలరుకు చుట్టుకుపోతుంది. జరిగిందీ అదే. రెండో కాగితానికే యంత్రం మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే రోలరు చుట్టూ బెల్లం పాకం పట్టినట్టుంది. నెల్లూరులో ఆ భాగం మార్పించడానికి కొత్త ప్రింటరు ధరలో దాదాపు సగం అయింది.

కాగితం కొనేటప్పుడు లేజర్‌కా, ఇంకుజెట్‌కా అని ఒక్క మాట అడిగి ఉంటే తప్పిపోయే నష్టం అది. ఆండర్సన్ వీధి లాంటి చెన్నై కాగితాల బజార్లకు స్వయంగా పోయి, అడిగి, ఒకటి రెండు కాగితాలు చూసి కొనుక్కోవడానికీ, ఫోనులో బొమ్మ చూసి కట్టలు తెప్పించుకోవడానికీ ఉన్న తేడా ఇదేనని ఈ వృత్తిలోని పాతకాపులు అంటారు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది. అయితే రానుపోను ఖర్చు చూసుకుంటే చిన్న కొట్టువాడికి ఫోనే గతి.

కరెంటు సంగతి

అట్టమీద 160 డిగ్రీలు, ఇన్ని సెకండ్లు అని రాసి ఉంటుంది. కాగితం రకాన్నిబట్టి ఈ లెక్క మారుతుంది. ప్రెస్సు మీటరు ఆ అంకె చూపిస్తుంది కూడా. అయినా అచ్చు ఊడిపోతుందంటే కొన్నిసార్లు కారణం ప్రెస్సులో కాక గోడమీది స్విచ్చిబోర్డులో ఉంటుంది. పదిహేను అంగుళాల చదరపు ప్రెస్సు సుమారు 1800 వాట్లు తాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది ఎనిమిది ఆంపియర్ల లెక్క. ఫోను, ఫ్యాను పెట్టుకునే చిన్న ప్లగ్గుకు అది మించిన భారం. ప్లగ్గు కాలుతుంది, లేకుంటే తీగ వేడెక్కుతుంది. మోటార్లకు పెట్టే పెద్ద ప్లగ్గు, దానికి తగిన తీగ, ఎర్తు ఉండాలి. మామూలు ఇన్వర్టరు దీన్ని మోయలేదు.

ఓల్టేజీ పడిపోయే పల్లెల్లో ప్రెస్సు వేడెక్కడానికి రెండింతలు సమయం పడుతుంది. మొదటి చొక్కాకు పలక బాగా కాగి ఉంటుంది, వెంటవెంటనే వేసే నాలుగో చొక్కాకు చల్లబడుతుంది. ఒకే బేరంలో రెండు చొక్కాలు గట్టిగా, రెండు చొక్కాలు ఊడేటట్టు తయారవడం ఇందువల్లనే. పొద్దుగూకి మోటార్లు, ఫ్యాన్లు అన్నీ తిరిగే వేళ కన్నా తెల్లవారుజామున పని పెట్టుకుంటే అచ్చు బాగా పడుతోందని ఆ యువకుడు గమనించాడు. పుస్తకాల్లో లేని పాఠం ఇది.

ఇక సముద్రపు గాలి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు గాలిలో తేమ ఎక్కువ. కట్ట విప్పి బల్లమీద పడేసిన కాగితం సాయంత్రానికి వంకర తిరుగుతుంది, ప్రింటరులో ఇరుక్కుంటుంది. నూలు చొక్కా కూడా గాలిలోని చెమ్మను పీల్చుకుని ఉంటుంది. ఆ చెమ్మ ప్రెస్సు కింద ఆవిరై అచ్చును పైకి నెట్టేస్తుంది. అందుకని అచ్చు పెట్టకముందు వట్టి చొక్కాను ఐదారు సెకండ్లు ప్రెస్సులో అదిమి, ఆవిరి పోయాకే కాగితం పెట్టాలి. కాగితాన్ని డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. ఇంట్లో అప్పడాలు మెత్తబడకుండా ఆడవాళ్ళు పడే జాగ్రత్తే ఇదీ.

ప్రెస్సు లేకుండా ఇస్త్రీపెట్టెతో లాగించవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న బొమ్మకైతే లాగించవచ్చు. కాని పెట్టెకు ఒకచోట వేడి ఎక్కువ, ఇంకోచోట తక్కువ. చేతి బరువు కూడా అన్నిచోట్లా ఒకేలా పడదు. బొత్తాలు, కుట్లు ఉన్నచోట అయితే బొత్తిగా అతకదు.

పాలిస్టరుకు వేరే దారి

క్రికెట్ జట్లు వేసుకునే జారుడు చొక్కాలు చాలావరకు పాలిస్టరువి. వాటికి సబ్లిమేషన్ అనే పద్ధతి సరిపోతుంది. ఇందులో ప్రత్యేకమైన సిరాను సుమారు 190, 200 డిగ్రీల దగ్గర ముప్పావు నిమిషం నుంచి నిమిషం దాకా వేడిచేస్తే, అది కరగకుండానే ఆవిరైపోయి పాలిస్టరు పోగు లోపలికి దూరుతుంది. కర్పూరం కరగకుండా ఆవిరైనట్టన్నమాట. ఫ్రాన్సుకు చెందిన నోయెల్ ద ప్లాస్ 1957లో ఈ మార్గం కనిపెట్టారు. ఈ అచ్చు చేతికి తగలదు, ఎన్ని ఉతుకులకైనా ఊడదు. ఫోటోలు వేసిన కప్పులు కూడా ఇలా చేసేవే, వాటికి పైన పాలిస్టరు పూత ఉంటుంది. లోపమేమంటే నూలు బట్టను ఈ రంగు పట్టుకోదు. బట్ట తెల్లదో, బాగా లేతదో కావాలి. పంచెమీదా, నూలు చొక్కామీదా సబ్లిమేషన్ చేస్తామని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

2020 తర్వాత ఇంకో పద్ధతి జోరందుకుంది. డీటీఎఫ్ అంటున్నారు. ప్లాస్టిక్ ఫిల్ముమీద రంగులు, వాటిమీద తెల్ల సిరా, దానిమీద జిగురు పొడి వేసి తయారైన అచ్చు అది. నూలైనా పాలిస్టరైనా, నలుపైనా తెలుపైనా పట్టుకుంటుంది. ఆ యంత్రం ఖరీదు ఎక్కువ. రోజూ నడపకపోతే తెల్ల సిరా గడ్డకట్టి మూతులు పూడుకుపోతాయి. కాని ఆ యంత్రం మనం కొనాల్సిన పనేమీ లేదు. చెన్నై, తిరుప్పూరు లాంటి చోట్ల మీటరు లెక్కన అచ్చువేసి పార్సిలు పంపుతున్నారు. కొట్టువాడి దగ్గర ప్రెస్సు ఒక్కటి ఉంటే చాలు.

స్వయం ఉపాధి కోసం అప్పుకు పోయే యువకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క వేసుకోవాలి. ప్రెస్సు ఇరవై వేల రూపాయల లోపే దొరుకుతుంది. ముందు అది కొని, అచ్చులు బయటినుంచి తెప్పించుకుని, ఊళ్ళో గిరాకీ ఎంతుందో ఏడాదిపాటు చూసుకోవచ్చు. ప్రింటరు తర్వాతి మాట. జిరాక్సు పని ఎటూ ఉన్న కొట్టులో అయితే కలర్ లేజర్ ప్రింటరు ఊరికే కూర్చోదు. పెళ్ళి పత్రికలు, ఫోటోలు, బడి పిల్లల ప్రాజెక్టులు దానికి తిండి పెడతాయి. వట్టి చొక్కాల కోసమే దాన్ని కొంటే సంక్రాంతికీ, గంగమ్మ జాతరకూ మధ్య వాయిదాలు కట్టడం కష్టం.

సినిమా కథానాయకుల బొమ్మలు, పేరున్న కంపెనీల గుర్తులు వేసివ్వమని గిరాకీలు వస్తుంటాయి. పేరున్న కంపెనీ గుర్తు దొంగతనంగా వేసి అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఊరి జట్టు పేరుతో డబ్బు సంపాదించినవాడిని ఎవరూ పట్టుకోరు.

మాదిరి పంపితే బట్ట తయారు: నాలుగు వందల ఏళ్ళ నాటి మాట

కోరిన బొమ్మ కోరినట్టు బట్టమీద వేసిచ్చే వ్యాపారం ఈ తీరానికి కొత్తదేం కాదు. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు దుగరాజపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. వాళ్ళు దాన్ని అర్మగాం అని పిలిచేవాళ్ళు. నెల్లూరు జిల్లాలో ఉండిన ఆ ఊరు 2022లో జరిగిన జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి పోయింది. అంతకుముందే, 1610లో, డచ్చివారు దక్షిణాన పులికాట్‌లో దిగారు. వాళ్ళందరినీ ఇక్కడికి రప్పించింది ఈ తీరపు అద్దకం బట్టలే. జావా, సుమత్రా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్ళు బంగారం కన్నా ఈ బట్టలనే ఎక్కువగా అడిగేవాళ్ళు. ఏ దీవిలో ఏ రంగు, ఏ పువ్వు నచ్చుతుందో మాదిరి గుడ్డ పంపిస్తే, ఇక్కడి అద్దకంవాళ్ళు కరక్కాయ రసంలో బట్ట నానబెట్టి, పటికతోనూ, చిరువేరు రంగుతోనూ, మైనంతోనూ ఆ మాదిరికి దిగేట్టు వేసిచ్చేవాళ్ళు. పారే నీళ్ళలో ఎంత జాడించినా ఆ ఎరుపు పోదు, సరికదా ఉతికేకొద్దీ తేలుతుంది. వేడికి కరిగే జిగురులా అది పోగుపైన కూర్చోదు, పటిక సాయంతో పోగునే పట్టుకుంటుంది.

1639లో అర్మగాంలో కంపెనీ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణానికి పోయి, బట్ట చవగ్గా దొరుకుతుందన్న కారణం కూడా చూపి, చెన్నపట్నం స్థలం సంపాదించాడు. దుగరాజపట్నం వెనకబడిపోయింది. ఈ అద్దకాల పోటీకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ తిరిగి 1721లోనూ చట్టాలు చేసి వీటిని అడ్డుకున్నాయి. తర్వాత వాళ్ళే రోలర్లతో బట్టమీద అచ్చువేసే యంత్రాలు తయారుచేసుకున్నారు.

ఇప్పుడు ఆ కథ మళ్ళీ మరో రూపంలో నడుస్తోంది. పెడనలో చెక్క అచ్చులతో, శ్రీకాళహస్తిలో కలంతో చేసే కలంకారీ బొమ్మలను యంత్రంమీద అచ్చువేసి కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. కొనేవాడికి తేడా తెలియాలంటే బట్ట తిప్పి చూస్తే చాలావరకు బయటపడుతుంది. చేతి కలంకారీలో రంగు వెనక్కు దిగి ఉంటుంది, యంత్రపు అచ్చు వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది. వేడితో ఎక్కించిన చొక్కా బొమ్మకైతే వెనకవైపు బొమ్మే ఉండదు.

బండకేసి బాదితే

అచ్చువేసిన చొక్కా తీసుకున్నవాళ్ళు ఒకరోజు దాకా ఉతక్కూడదు. తర్వాత కూడా తిరగేసి, చన్నీళ్ళలో నానబెట్టి, చేత్తో నలిపి, నీడన ఆరేయాలి. సోడా వేసి ఉడికించి బండకేసి బాదితే ఏ కాగితమూ నిలవదు. ఇస్త్రీ చేసేటప్పుడు బొమ్మమీద నేరుగా పెట్టె పెడితే టోనరు మళ్ళీ కరిగి పెట్టెకే అంటుకుంటుంది. పెట్టెకు పట్టిన చాకలాయన తిట్లు కొట్టువాడికి కాక ఇంకెవరికి తగులుతాయి? ఆ యువకుడు ఇప్పుడు ప్రతి కొత్త కాగితం కట్టనుంచి ఒక అచ్చు పాత గుడ్డమీద వేసి, పదిసార్లు ఉతికించి, ఆ గుడ్డను కొట్టు గుమ్మానికి వేలాడదీస్తున్నాడు. చొక్కా ఇస్తూ ఎలా ఉతకాలో చెప్పే చీటీ కూడా సంచిలో వేస్తున్నాడు.

పుట్టుమచ్చ

అతను ఎవరికీ చెప్పుకోని పొరపాటు ఒకటుంది. అది ఇంకా మనసులో గుచ్చుకుంటోందంటాడు.

ఒక పట్టపుపాలెంనుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు వేటకు పోయి తిరిగి రాలేదు. ఏడాది తిరిగే రోజున ఇంట్లోవాళ్ళు, అతని తోటి పడవవాళ్ళు అతని ఫోటో ఉన్న తెల్లచొక్కాలు వేసుకోవాలని అనుకున్నారు. ఉన్నది ఒకే ఒక్క ఫోటో, చిన్న ఫోనులో తీసింది. అతను రాత్రంతా కూర్చుని దాన్ని బాగుచేశాడు. చొక్కాలమీద చక్కగా పడింది. పొర లేదు, పలక లేదు, రంగు చెడలేదు. పడవవాళ్ళంతా బాగుందన్నారు.

తల్లి మాత్రం చొక్కాను ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూసింది. "మావాడికి మచ్చ ఎడమ బుగ్గమీద గదా అబ్బయా! దీంట్లో కుడిపక్కన ఉండాదే" అంది.

కాగితాన్ని బట్టమీద బోర్లిస్తారు కనుక బొమ్మ తిరగబడి దిగుతుంది. అందువల్ల కాగితంమీద ముందే అద్దంలో కనిపించేటట్టు తిప్పి అచ్చువేయాలి. అక్షరాలున్నప్పుడు మరిచిపోతే తప్పు వెంటనే కంటబడుతుంది, పేరు వెనక్కు తిరిగి ఉంటుంది. ఇందులో ఒక్క అక్షరం కూడా లేదు. వట్టి ముఖమే. తిప్పడం మరిచిపోయినట్టు అతనికీ తెలియలేదు, పక్కనున్న పడవవాళ్ళకూ తెలియలేదు.

"అమ్మా, రేపు పొద్దున్నే మళ్ళీ ఏసిస్తా, దీనికి డబ్బులొద్దు" అన్నాడట. తెల్లవారుజామున కరెంటు నికరంగా ఉన్నప్పుడు కొత్త చొక్కాలు తెచ్చి మళ్ళీ వేసిచ్చాడు. ఆమె పాత చొక్కాను కూడా వెనక్కివ్వలేదు. తప్పుగా ఉన్నదైనా సరే, ఆ ముఖాన్ని చెత్తలో వేయనివ్వనంది.

ఆనాటినుంచి అతను ప్రతి బొమ్మకూ పక్కన ఖాళీ అంచులో 'క' అనే చిన్న అక్షరం పెట్టి అచ్చువేస్తున్నాడు. ప్రింటరులోంచి వచ్చిన కాగితంమీద ఆ 'క' తిరగబడి కనిపిస్తేనే అంచు కత్తిరించి ప్రెస్సులో పెడతాడు. కత్తిరించిన ఆ 'క' ముక్కలు కొట్టు నేలంతా రాలి ఉంటాయి. వచ్చిన గిరాకీలు అవేమిటని అడిగితే, లెక్క చూసుకునే చీటీలని చెబుతుంటాడు.